పటిక వేసిన మోదుగు నీళ్ళు

మా అత్త చీర అంచులు ఎప్పుడూ నాలుగైదు రంగుల్లో ఉండేవి. రంగులద్దే ఇళ్ళలో ఆడవాళ్ళు పనిలోకి దిగేటప్పుడు చీర మోకాలి దాకా ఎగదోపుకుంటారు. ఆమె మాత్రం ఎగదోపేది కాదు. అంచు నీళ్ళలో నానినా సరే, పాదాలు కప్పేలాగే కట్టేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను. మర్యాదా లేదు, మట్టీ లేదు. తన కాళ్ళు ఎవరికీ కనబడకూడదు, అంతే.

నిజాం రాజ్యం పోయి రెండు మూడేళ్ళయిన కాలం అది. మా పుట్టినూరు ఖానాపూర్ దిక్కున, అడవి అంచున. మాఘం వచ్చిందంటే అక్కడ ఎటు చూసినా మోదుగు పూలే. మా బాపు ఆ పూలు ఏరించి, ఎండబెట్టి, గోనె సంచుల్లో కుట్టి రంగుల ఇళ్ళకు వేసేవాడు. ఏటేటా హుస్నాబాద్‌లో ఒక ఇంటికి పూలు వేసి వేసి, ఒక ఏడు పూలతో పాటు నన్ను కూడా ఆ ఇంట్లోనే వేసి వచ్చాడని నన్ను కన్న మా అవ్వ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. నాకు మొదటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పోయి పోయి నాకంటే కోపిష్ఠి అత్త దొరికింది.

ఇంట్లో మేం ముగ్గురమే. మా ఆయన అద్దిన బట్టల మూటలు వేసుకుని వారపు అంగళ్ళ వెంట తిరిగేవాడు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మామ పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆయన పోయిననాడు అత్త పాలివాళ్ళ పంచన చేరలేదు. ఆయన నిలబడ్డ చోటే, వాకిట్లో ఉన్న రాగి గంగాళం ముందే నిలబడింది. అట్లా నిలబడే కొడుకును పెంచింది, నాలుగు గోడలు లేపింది. ఇది ఆమె నాకు చెప్పిన సంగతి కాదు. ఊరంతా చెప్పింది.

పొట్లాల రంగులు బజారులోకి అప్పటికే వచ్చేశాయి. వేడినీళ్ళలో కలిపితే చాలు, క్షణంలో ఎరుపు, క్షణంలో పచ్చ. మేమూ వాటినే ఎక్కువ వాడేవాళ్ళం. కానీ పెండ్లి బట్టకు వేసే పసుపుపచ్చ మాత్రం అత్త పొట్లంతో వేసేది కాదు. పసుపు కొమ్ములతో కూడా వేసేది కాదు. పసుపు రంగు ఎండకు నిలవదు, నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. మోదుగు పూలు ఉడికించి, వడగట్టి, అందులో పటిక వేసి బట్టను ముంచితే ఆ రంగు బట్ట చిరిగేదాకా ఉంటుంది. పటిక లేకపోతే ఆ పూల నీళ్ళు ఉత్త నీళ్ళే, ఒక్క జాడింపుకు పోతాయి. అందుకని చుట్టుపక్కల పల్లెల వాళ్ళు లగ్గం పెట్టుకోగానే తెల్లబట్ట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు.

ఆ రంగులో ఉన్న చిక్కల్లా నిలబడడమే. బట్ట గంగాళంలో పడిన దగ్గర్నుంచి కర్రతో ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే మడత పడిన చోట మరక పడుతుంది. నేనొకసారి మోడా తెచ్చుకుని కూర్చుని తిప్పబోతే ఆమె ఒంటికాలి మీద లేచింది.

"కూసున్నోళ్ళకు రంగెక్కదే! నిలవడి తిప్పితెనే అడుగుదాక అందుతది. పెండ్లి బట్ట మీద మచ్చ వడితె గా పిల్ల బతుకంత నన్నే తలుసుకుంటది."

"నిలవడి తిప్పినా నీకు నచ్చది గద!" అన్నాను నేను.

"నచ్చది. నీ చెయ్యి మరకల చెయ్యి," అంది. ఆ మాటకు రెండు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు అది తెలియనే లేదు, అది ఇంకా మంట.

ఇక అసలు సంగతి. మాఘమాసం చివర ఒకనాడు పొద్దున్నే ఇద్దరం వాకిట్లో ఉన్నాం. గంగాళంలో పచ్చరంగు మరుగుతోంది. ఆమె తిప్పుతోంది, నేను తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఉన్నట్టుండి వెనక నుంచి కేక.

"ఏందే పిల్లా! ఎర్రరంగు ఒలకవోసినవా? గీ వాకిలంత గలీజు జేసినవ్!"

"నేను గీ పొద్దు ఎర్రరంగు ముట్టనే లేదు అత్తా."

"ముట్టకుంటె గిదేంది మరి?"

తిరిగి చూశాను. గంగాళం దగ్గర్నుంచి కట్టెల కుప్ప దాకా, కట్టెల కుప్ప నుంచి మళ్ళీ గంగాళం దాకా ఎర్రటి అడుగులు. ఆమె కర్ర ఆపకుండా తిప్పుతూనే నన్ను తిడుతోంది. నిజంగానే నేను ఒలకబోశానేమో అని గూట్లో పొట్లాలు చూశాను. ఎర్రపొట్లం విప్పనే లేదు. పరుగెత్తి ఆమె చీర అంచు పట్టుకుని పైకి లాగాను. అంచు బరువుగా, వెచ్చగా ఉంది. అది రంగు కాదు, నెత్తురు.

ముప్పై ఏళ్ళుగా రంగుల మధ్య ఉన్న మనిషి తన నెత్తురును తానే పోల్చుకోలేక కోడలిని తిట్టింది. నొప్పి కూడా లేదట, ఏదో వెచ్చగా తగిలిందంతే.

ఆ రోజే ఆమె కాళ్ళు చూశాను. మోకాలి కింది నుంచి మడమ దాకా నీలం నరాలు, నానిన తాళ్ళలాగా మెలికలు తిరిగి పైకి తేలి ఉన్నాయి. చీలమండల దగ్గర చర్మం నల్లబడి, గీరుకుని గీరుకుని పలచబడి ఉంది. అక్కడే ఒక నరం పలిగింది. పాదాలు వాచి ఉన్నాయి. ఎన్నేళ్ళ నుంచి మోస్తోందో ఆ కాళ్ళను! ఒక్కనాడు అబ్బా అనలేదు. నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. కింద పడుకోబెట్టి, కాలు ఎత్తి నా భుజం మీద పెట్టుకుని, తడిబట్టతో గట్టిగా అదిమి పట్టాను. ఆమె పడుకుని కూడా గంగాళం వైపే చూస్తోంది.

"బట్ట మాడుతది పిల్లా, జర తిప్పు."

"మాడనీ!" అని అరిచాను. అత్త మీద నేను గొంతు లేపి అరవడం అదే మొదలు.

మర్నాడు మా ఆయన అంగడి నుంచి రాగానే ముగ్గురం బస్సెక్కి కరీంనగర్ దవాఖానకు పోయాం. డాక్టరు నెమ్మదస్తుడు. కాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, "రోజుకు ఎంతసేపు నిలవడ్తవమ్మా?" అని అడిగాడు.

"రంగెక్కెదాక," అంది అత్త.

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా అని. ఆయన తల ఊపాడు. నరాల్లో నెత్తురు పైకి ఎక్కలేక కిందనే నిలిచిపోతోందని, అందుకే అవి ఉబ్బాయని, నిలబడే కొద్దీ ఇంకా ఉబ్బుతాయని చెప్పాడు. వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా గట్టిగా పట్టీ చుట్టాలి. పగటిపూట కూడా కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకోవాలి. నిలబడే పని మానెయ్యాలి. "మల్ల పలిగినప్పుడు ఇంట్ల ఎవ్వలు లేకుంటె ఏం జేస్తవు?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమె చెవిన వేసుకోలేదు.

తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ అంది: "నిలవడుడు బంద్ జెయ్యాలెనట. గంగాళం ఇడిసిపెట్టి నేనేం జెయ్యాలె? గోడకు ఆనుకోని కూసోని మీరెప్పుడు బువ్వ వెడ్తరా అని సూడాల్నా?"

మా ఆయన, "గట్లెందుకంటవవ్వా, కోడలున్నది గద," అన్నాడు.

"కోడలు బట్ట ఖరాబు జేస్తది. గీ ఫాల్గుణంల ఎన్ని లగ్గాలున్నయో ఎరికేనా?"

ఎంత బతిమాలినా, నెత్తీ నోరూ కొట్టుకున్నా అదే మాట. ఇంటికి వచ్చిన మర్నాడే మళ్ళీ కర్ర పట్టింది. డాక్టరు ఇచ్చిన పట్టీ మడత విప్పకుండా పెట్టెలో పెట్టింది. నేను గంగాళం వైపు పోయిన ప్రతిసారీ ముందు నేలను చూసేదాన్ని, ఎర్ర అడుగులు ఉన్నాయేమో అని. నీళ్ళకు పోయి వస్తుంటే కూడా అదే భయం. ఆ నాలుగు రోజులు నా తల ప్రాణం తోకకు వచ్చింది.

అదే వారం మా బాపు ఆ ఏటి పూల సంచులతో వచ్చాడు. సంగతి విని నాలుక చప్పరించి, అత్తతో అన్నాడు: "అక్కా, మా ఇంటామె గీ పూలతోటే కాళ్ళకు కడ్తది. మా దిక్కు నాట్లేసెటోళ్ళకు, కావడి మోసెటోళ్ళకు గిదే మందు. పూలు ఉడకవెట్టి, గోరువెచ్చగున్నప్పుడు బట్ట ముంచి, పాదంకెల్లి మీదికి చుట్టాలె. గడియసేపు కాళ్ళు ఎత్తు మీద వెట్టుకోని పండుకోవాలె. వాపు గుంజుతది."

అత్త నవ్వింది. "ఇరువై ముప్పై ఏండ్ల సంది గీ నీళ్ళల్లనే చేతులు నానవెడ్తున్న తమ్మీ. కాళ్ళకు వెట్టాలెనని ఎన్నడు సోచాయించలే."

నవ్వింది గానీ కాదనలేదు. డాక్టరు మాటంటే లెక్క లేదు గానీ మోదుగు పువ్వంటే ఆమెకు గురి. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. బాపు బండి ఎక్కకముందే పొయ్యి మీద పూలు పెట్టాను.

మూడు రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టాను. పడుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు. పట్టపగలు కోడలి ముందు కాళ్ళు చాపి పడుకోవడమా! బట్ట చుట్టి అటు తిరిగేలోపు లేచి కూర్చునేది. "ఇగ అయింది, తియ్యి" అనేది. తీసి, చీర అంచు దించుకుని గంగాళం దగ్గరికి పోయేది. ఆ తడి అట్లాగే కాళ్ళ మీద ఆరేది. కాస్త పచ్చగా కనబడినా కడిగితే పోయేదేగా అనుకున్నాం.

నాలుగో రోజు పొద్దున స్నానానికి పోయిన మనిషి ఎంతసేపటికీ బయటికి రాలేదు. నీళ్ళ చప్పుడు, పీచుతో రుద్దిన చప్పుడు, మళ్ళీ నీళ్ళ చప్పుడు. చివరికి పిలిచింది. పోయి చూస్తే బండ మీద కూర్చుని ఉంది. మోకాలి నుంచి కాలి వేళ్ళ దాకా నిగనిగలాడే పసుపుపచ్చ. ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది.

"పటికేసినవా?"

వేశాను! ఆ పూటా, ఈ పూటా, ఆరు పూటలా వేశాను. మా ఇంట్లో పటిక డబ్బా పొయ్యి పక్క గూట్లోనే ఉంటుంది. మోదుగు పూలు పొంగు వచ్చాయంటే చెయ్యి దానంతటదే గూటికి పోతుంది, కూరలో ఉప్పు వేసినట్టు. వేసినట్టు కూడా నాకు గుర్తు లేదు. రంగుల ఇంటి కోడలు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. బట్టకు ఎట్లా ఎక్కిస్తామో అట్లా, అత్త కాళ్ళకు రంగు ఎక్కించాను.

"బొట్టు తీసిన దాని కాళ్ళకు పసుపు ఎక్కిచ్చినవు గదనే! ఎవలన్న జూస్తె ఏమంటరే?"

ఆమె చేతులకు నీలం ఉండేది, ఎరుపు ఉండేది, గోళ్ళలో నలుపు ఉండేది. దానికి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, అది పని. కాళ్ళు వేరు. పాదాలకు పసుపు ముత్తయిదువల గుర్తు. మామ పోయిన పదో దినాన మట్టెలు తీసి, పసుపు కడిగిన కాళ్ళు అవి. ఊళ్ళో పిల్లలందరి పెండ్లి బట్టలకూ పసుపు అద్దిన మనిషి, తన కాళ్ళకు మాత్రం పన్నెండేళ్ళుగా తాకనివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది నాకు.

"ఉండు అత్తా, పోగొడ్త," అని చౌడు నీళ్ళు తెచ్చాను. మురికి పోవడానికి చాకలివాళ్ళు వాడేది అదే. పీచు ముంచి పాదం మీద రుద్దాను. రుద్దిన చోటల్లా పసుపు ఎర్రబారింది. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబారింది. చూస్తుండగానే ముసలి పాదాల చుట్టూ పెండ్లికూతురి పారాణి! మోదుగు రంగుకు చౌడు తగిలితే ఎరుపు తిరుగుతుందని ఆ ఇంట్లో అడుగు పెట్టిన వారానికే ఆమె నాకు నేర్పింది. భయంలో మరిచిపోయాను.

ఇద్దరం ఆ పాదాల వైపు చూశాం. నాకు లోపల్నుంచి నవ్వు పొంగుకు వచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాను, ఆగలేదు.

"నవ్వుతున్నవా? నవ్వు! గంగాళం మొఖందానా, నవ్వు!" అని చేతిలోని చెంబు విసిరింది. తగలలేదు. తగిలేలా విసరలేదు.

ఆ రోజు నుంచి అత్త లోపలి గది దాటలేదు. మా వాకిలి వీధి వాళ్ళందరికీ కనబడుతుంది. గంగాళం ముందు నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు అంచు లేస్తుంది, ఎవరో ఒకరు చూస్తారు. రంగు వెలిసేదాకా బయటికి రానంది. పెట్టెలోంచి డాక్టరు ఇచ్చిన పట్టీ తానే తీయించింది. "చుట్టు. ఏలు గూడ కనవడొద్దు," అంది. వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా, ఆయన చూపినట్టే గట్టిగా చుట్టాను. ఏమీ తోచక పడుకునేది. కాళ్ళ కింద నేనొక బట్టల మూట పెడితే వద్దనలేదు. కరీంనగర్ దాకా పోయి డాక్టరు చేత చెప్పించినా వినని మనిషి, ఒక పటిక గడ్డకు విన్నది. నాకు అప్పుడు అంత తెలివి లేదు గానీ, తరవాత తలుచుకుంటే నవ్వొస్తుంది.

గంగాళం నా చేతికి వచ్చింది. ఒక కాపుల ఇంటి పెండ్లికి బట్ట ఇవ్వాల్సి ఉంది. ఆరు బారల తెల్లబట్ట, వారంలో లగ్గం. అది చెడితే వాళ్ళు పొట్లాల రంగుకు పోతారు, వాళ్ళను చూసి ఊరంతా పోతుంది. అత్త లోపల పడుకుని చెవులతో పని చేయించింది.

"పూలు పొంగినయా?"

"పొంగినయి."

"వాసన ఎట్లున్నది? కమ్మగున్నదా, మాడినట్టున్నదా?"

"కమ్మగనే ఉన్నది."

"పటికెయ్యి. దాంట్లనన్న ఎయ్యి మరి, మరిచిపోతవో ఏమో!"

ఈ ఎత్తిపొడుపు నేను చచ్చేదాకా ఉంటుందని అప్పుడే అర్థమైంది. బట్ట వేసి తిప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి చెయ్యి లాగి ఒక్క క్షణం ఆపితే చాలు, లోపల్నుంచి గొంతు.

"ఏందే, కర్ర చప్పుడు ఇనవడ్తలేదు?"

"చెమట తుడ్సుకుంటున్న అత్తా!"

"ఒక చేత్తోటి తుడ్సుకో, ఒక చేత్తోటి తిప్పు!"

మధ్యాహ్నానికి నా పిక్కలు పీకాయి. మడమల్లోంచి నొప్పి నడుం దాకా ఎక్కింది. ఒక్క పూటకే నాకిట్లా ఉంటే ఈమె ఇన్నేళ్ళు ఎట్లా నిలబడింది? కర్ర తిప్పుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కోపంలో ఆమెను ఎన్ని అనుకున్నానో అన్నీ గుర్తొచ్చాయి.

పక్కింటి పెద్దమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది. "నువ్వొక్కదానివే తిప్పుతున్నవు, అత్తేది పిల్లా?"

"నరాలు ఉబ్బినయి పెద్దమ్మా. డాక్టరు పట్టీ కట్టి పండుకొమ్మన్నడు."

"అయ్యో! మీ అత్త పండుకునుడా?" అని ముక్కు మీద వేలు వేసుకుంది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు నేను. లోపలికి పోతే అత్త అంది, "మంచిగ జెప్పినవు." కాపురానికి వచ్చిన తరవాత ఆమె నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

సాయంత్రం బట్ట ఆరాక తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. కిటికీ వెలుతురులో మూర మూరగా, అంచు నుంచి అంచు దాకా చూసింది. ఒకచోట ఆగి, గోటితో గీకి, మళ్ళీ చూసింది. "మచ్చ లేదు," అంది. నాకు అది చాలు. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో.

పట్టీ మార్చడం నా పనే. ఐదారు రోజులకే తేడా తెలిసింది. పాదం మీద వేలు నొక్కితే ఇంతకు ముందు గుంట పడి అట్లాగే ఉండేది, ఇప్పుడు పడడం లేదు. దురద తగ్గింది. పలిగిన చోట పొక్కు ఎండి ఊడింది. పూలనీళ్ళు మానలేదు, పటిక లేకుండా పెట్టాను. అడక్కపోయినా డబ్బా తెచ్చి ఆమె కళ్ళ ముందు మూత పెట్టి చూపించేదాన్ని.

ఒక మధ్యాహ్నం నీళ్ళు తాగుదామని చప్పుడు లేకుండా లోపలికి పోయాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పట్టీలు రెండూ విప్పి పక్కన పెట్టుకుంది. కిటికీ లోంచి పడే ఎండలోకి పాదాలు చాపి వాటినే చూస్తోంది. పసుపు ఇంకా పోలేదు, వేళ్ళ చుట్టూ ఎరుపూ పోలేదు. కాలి రెండో వేలిని, మట్టె ఉండే చోటును, చేతి బొటనవేలితో మెల్లగా రాస్తోంది. నన్ను చూసి గభాలున చీర లాక్కుంది.

"పిల్లి నడిచినట్టు నడుస్తవేందే! పట్టీ బిగుసుకున్నదని ఇప్పిన."

"మంచిగ జేసినవు అత్తా," అని నీళ్ళు తాగకుండానే బయటికి వచ్చేశాను.

మూడు వారాలకు రంగు వెలిసింది. చర్మం తన రంగులోకి వచ్చింది. నరాలు మాత్రం పోలేదు, అవి ఆమెతో చివరిదాకా ఉన్నాయి. కానీ వాపు లేదు, బరువు లేదు, మళ్ళీ ఎప్పుడూ పలగలేదు. బయటికి వచ్చి మొదట గంగాళం అంచు తడిమింది. కర్ర అందుకోబోతే నేను ఇవ్వలేదు. అక్కడే, వాకిట్లో, పెద్ద గొడవ పెట్టుకున్నాం. పక్కింటి పెద్దమ్మ గోడెక్కి విన్నది. చివరికి ఒప్పందం కుదిరింది: నిలబడి తిప్పేది నేను, గంగాళం పక్కన మంచం వేసుకుని, కాళ్ళు మూట మీద పెట్టుకుని చెప్పేది ఆమె. పటిక ఎంత వెయ్యాలి, బట్ట ఎప్పుడు తియ్యాలి అనేది ఆమె మాటే. చివరి నాలుగు తిప్పులు ఆమె లేచి తిప్పుతుంది. పొద్దంతా నిలబడడం పోయింది గానీ గంగాళం ఆమెదిగానే ఉంది. ఆ మంచం మీద నుంచి నన్ను తిట్టడానికి ఆమెకు ఇంకా వీలు దొరికింది.

తగ్గించింది ఏది? ఇన్నేళ్ళయినా నేను తేల్చలేను. పువ్వుకు, పండుకు రంగునిచ్చే సారమే నెత్తురు నాళాలకు బలమిస్తుందని, మోదుగులో, నేరేడులో, ద్రాక్షలో అది ఉంటుందని ఈ మధ్య అంటున్నారు. ఉంటే ఉండొచ్చు, మా అవ్వ అబద్ధం చెప్పే మనిషి కాదు. పట్టీ చేసి ఉండొచ్చు. మూడు వారాలు కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకోవడమే చేసి ఉండొచ్చు, నా మటుకు నాకు అదే ఎక్కువ చేసిందనిపిస్తుంది. ఎవరైనా అడిగితే ముందు డాక్టరు దగ్గరికి పొమ్మనే చెబుతాను. పూలనీళ్ళ సంగతి తరవాత చెబుతాను.

మరుసటి ఏడు ఫాల్గుణంలో బాపు మళ్ళీ పూల సంచులు దించి పోయాడు. ఎండలు ముదిరేసరికి అత్త పాదాలు మళ్ళీ కొంచెం వాచాయి. నేను చెప్పకుండానే లోపల మంచం మీద పడుకుని, మూట మీద కాళ్ళు పెట్టుకుంది. నేను పూలు పొయ్యి మీద పెట్టాను. ఈసారి ముందే పటిక డబ్బా తీసి, చెయ్యి అందకుండా అటక మీద పెట్టాను. పొంగు వచ్చాక గిన్నె దించి, ఆమె మంచం దగ్గరికి తెచ్చి, బట్ట ముంచబోయాను.

అత్త పొయ్యి పక్క గూటి వైపు చూసింది.

"పటిక డబ్బేది?"

"అటక మీద వెట్టిన అత్తా. ఈసారి ఎయ్యలే. నువ్వు ఫికర్ జెయ్యకు."

నేను బట్ట ముంచి పిండుతున్నాను. అత్త చీర అంచు పైకి లాక్కుని తన పాదాలు చూసుకుంది. తెల్లగా, గీతలు పడి, ఏ రంగూ లేని పాదాలు. తరవాత మొఖం గోడ వైపు తిప్పుకుంది.

"పట్టీ చుడ్తవు గద మీదికెల్లి. ఎవలు జూస్తరు?"

నాకు వెంటనే అందలేదు. చేతిలో తడిబట్ట అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

"జరంత ఎయ్యి," అంది, గోడతో చెప్పినట్టు.

బట్ట గిన్నెలోనే వదిలేసి, మోడా ఎక్కి అటక మీది డబ్బా తీశాను. ఎంత వెయ్యాలని ఆమెను అడగలేదు. పెండ్లి బట్టకు వేసేంత వేశాను.